తీరిక యెక్కడనుండి వచ్చును?

మన యిండ్లలో దినమునకు పదిసార్లు వినబడు మాట యొకటి కలదు: “తీరిక లేదు.” ఉద్యోగి యనును, విద్యార్థి యనును, గృహిణి యనును, పనియేమియు లేక వీధియరుగుపై కూర్చుండి పత్రిక త్రిప్పువాడును అనును. క్షణము తీరిక లేదు, దమ్మిడీ యాదాయము లేదు అని మనవారు ఈ జబ్బునకు ఎప్పుడో పేరు పెట్టిరి. పూర్వము దినమునకు 60 గడియలు. ఇప్పుడు 24 గంటలు. గడియ యనగా నేటి లెక్కకు 24 నిమిషములు. కొలత మాఱినదే గాని కొలువబడునది మాఱలేదు. రాజునకును, రాట్నము త్రిప్పు వృద్ధురాలికిని సమానముగా పంచిపెట్టబడిన ఆస్తి లోకమున కాలమొక్కటేయని పెద్దలు చెప్పుదురు. ఈ మాట వినుటకు సొంపుగానే యున్నది. నిజమేనా యని నేను చాలకాలము ఆలోచించితిని. కాదని నా నిశ్చయము. ఏల కాదో కొంచెము తరువాత చెప్పెదను.

నేను 30 ఏండ్లకు పైగా ఒక బాలికోన్నత పాఠశాలలో తెలుగు చెప్పితిని. ఏటేట జూన్ నెలలో బడి తెఱచిన మొదటి వారమున పదవతరగతి పిల్లలు దినచర్యపట్టికలు వ్రాసికొని వచ్చి నాకు చూపెడివారు. ఎఱ్ఱసిరాతో గళ్లు, పచ్చసిరాతో గంటలు, నీలిసిరాతో పాఠముల పేర్లు. మొదటి గడిలో “తెల్లవారుజాము 4 గంటలకు మేల్కొనుట” అని లేని పట్టికను నేను చూచియెఱుగను. ఆ పట్టిక గోడమీద మూడుదినములు వెలుగును. నాలుగవనాడు దానిమీద బడిసంచి వ్రేలాడును. పదవనాడు తల్లి నన్ను కలిసికొని, “మా అమ్మాయికి టైము వాడుకోవడం రాదు టీచరుగారూ, మీరైనా చెప్పండి” అనును. నేను ఆ పిల్లను పిలిచి, పట్టిక యెందుకు గీసితివమ్మా యని యడుగుదును. “నాన్నగారు గీయమన్నారండీ” అని ఎక్కువమంది సమాధానము. “మార్కుల కోసమండీ” అని మఱికొందఱిది. మార్కులెందులకని యింకొక మెట్టు దిగి యడిగినచో బిక్కమొగము వేయుదురు.

ఒక తరగతిలో పట్టికయే లేని పిల్ల యుండెను. తల్లి పూలు కట్టి బస్‌స్టాండువద్ద అమ్మెడిది. బడి వదలినది మొదలు రాత్రి యెనిమిదింటివఱకు ఈ పిల్ల తల్లిప్రక్కన కూర్చుండి మాలలు కట్టవలెను. ఇంట గడియారము లేదు. ఆ పిల్లకు ఖోఖో ఆటయన్న ప్రాణము. జిల్లాజట్టులో చేరవలెనని పంతము. ఆట నేర్పు మేష్టారు ఉదయము 6 గంటలకు మైదానమునకు వచ్చెడివారు. ఆయన వచ్చుసరికే ఆమె సున్నముతో గీతలు దిద్దుచుండెడిది. ఇంటికని యిచ్చిన లెక్కలు బడిలోనే విరామవేళ ముగించుకొనెడిది. నాలుగేండ్లలో నొక్కనాడును ఆలస్యము కాలేదు. సమయపాలనమును గూర్చి ఆమెకు ఎవ్వరును ఉపన్యాసమీయలేదు. ఇచ్చియుండిన యెడల అది వినుటకు ఆమెకు తీరిక యుండెడిది కాదు.

ఇట్టివి చూచి చూచి నాకొక అభిప్రాయము కుదిరినది. మనము పిల్లలకు సమయపాలనము నేర్పుచున్నామనుకొని గడియారము చూచుట నేర్పుచున్నాము. గడియారము నాలుగైనదని చెప్పును; నాలుగింటికి లేవవలసిన అక్కఱ నీకున్నదని చెప్పజాలదు. అక్కఱ ముందు పుట్టవలెను. అది పుట్టిన పిమ్మట పట్టిక ఉపకరించును, పుట్టకున్న పట్టిక గోడకు అలంకారము. మన సామెతలే చూడుడు. ఆలస్యము అమృతము విషము అని ఒకటి తొందరపెట్టును; నిదానమే ప్రధానమని ఇంకొకటి చేయి పట్టుకొని ఆపును; పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలుచుండి నీళ్లు త్రాగుట మేలని మూడవది కూర్చుండబెట్టును. మూడును మన పెద్దలవే. ఏ పనికి ఏ సామెత తగునో తేల్చునది సామెత కాదు, ఆ పనియందు మనకుగల మక్కువ.

ఆరంభశూరత్వము ఆంధ్రుల సొత్తని మనలను మనమే పరిహసించుకొందుము. ఇందులో మనము ఒంటరివారము కాము. 18వ శతాబ్దమున అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అను ముద్రాపకుడు, తరువాత రాజనీతిజ్ఞుడుగా పేరుపొందినవాడు, దినములోని 24 గంటలకును పట్టిక గీసికొని దానిని తన స్వీయచరిత్రలో ప్రకటించెను. ఉదయము 5 గంటలకు లేచుట మొదలు రాత్రి పదింటికి పరుండుటవఱకు అన్నియు అందు కలవు. లోకమున దినచర్యపట్టికలు గీసినవారిలో అనేకులు ఆయన శిష్యులే. తాను అలవఱచుకొనదలచిన 13 సద్గుణములలో తన్ను మిక్కిలి బాధించినది క్రమపాలనమేయని ఆయన అదే గ్రంథమున ఒప్పుకొనెను. ఆయన పట్టికలో ఉదయపు గంటలకు ఎదురుగా, ఈ దినము నేనేమి మేలు చేయుదునను ప్రశ్నయు, సాయంకాలమునకు ఎదురుగా, ఏమి మేలు చేసితినను ప్రశ్నయు కలవు. పట్టికను అనుకరించినవారు గంటలను ఎత్తి వ్రాసికొనిరి, ప్రశ్నలను విడిచిపెట్టిరి. వెన్న తీసిన మజ్జిగ త్రాగి బలము చాలలేదనుట వంటిదిది.

గాంధీమహాత్ముని నడుమున వ్రేలాడు గడియారము ఆయన బొమ్మలలో తఱచుగా కనబడును. దానిని చూపి పిల్లలకు సమయపాలనమును బోధించుట మన బడులలో వాడుక. నాకు ఆ గడియారముకంటె ఆయన ఆత్మకథలోని యింకొక చిన్న సంగతి ఎక్కువ బోధపఱచినది. దక్షిణాఫ్రికాలో న్యాయవాదవృత్తిలో నుండగా ఆయనకు భగవద్గీతను కంఠస్థము చేయవలెనని తోచినది. కోర్టుపని, ప్రజల పని, పత్రిక పని చాలక యుండెను గనుకనా! ఉదయము పండ్లు తోముకొనుటకు 15 నిమిషములు, స్నానమునకు 20 నిమిషములు ఆయనకు పట్టుచుండెను. పాశ్చాత్యరీతిని నిలుచుండియే పండ్లు తోముకొనెడివాడు గనుక, ఎదుటి గోడమీద శ్లోకములు వ్రాసిన చీటీలు అంటించి, తోముకొనుచు వల్లించెను. స్నానవేళ పాతవానిని నెమరువేసెను. ఈ విధముగా 13 అధ్యాయములు వచ్చినవి.

ఆయన ఆ పనికై దినమునకు ఒక్క నిమిషమైనను క్రొత్తగా చేర్చలేదు. 35 నిమిషములు అంతకుముందును ఉండెను; వానికి యజమాని లేకుండెను. కోరిక వచ్చి వానిని స్వాధీనపఱచుకొనెను. 13తో ఏల ఆగెనో కూడ ఆయనయే చెప్పెను: ఇతరకార్యములును, సత్యాగ్రహమును పుట్టించి పెంచుటయు ఆలోచించుటకుగల వేళనంతయు ఆక్రమించినవట. చిన్న కోరిక తెచ్చిన కాలమును పెద్ద కోరిక తీసికొనిపోయినది. తీరిక లేక గీత మానితినని ఆయన విలపింపలేదు.

మన దేశపు స్త్రీలలో బండారు అచ్చమాంబగారిని తలంపకుండ ఈ విషయము ముగించుట న్యాయము కాదు. 1874లో జన్మించి, బాల్యముననే వివాహితయై, బడిచదువునకు నోచుకొనక, తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు చదువుకొనుచుండగా తానును ప్రక్కన కూర్చుండి అక్షరములు పట్టుకొనెను. తెలుగుతోపాటు హిందీ, మరాఠీ మొదలగు భాషలు నేర్చెను. 1905లో మరణించునాటికి ఆమెకు ముప్పదియొక యేండ్లకు మించలేదు. ఆ లోపలనే అబలాసచ్చరిత్ర రత్నమాలయను పేర స్త్రీల చరిత్రములను సంపుటీకరించెను. కన్నబిడ్డలను పోగొట్టుకొన్న దుఃఖమును, సంసారపు బరువును ఆమెకును ఉండెను. విద్యావతులగు స్త్రీలు ఈ దేశమున లేరను మాటకు సమాధానము చెప్పవలెనని ఆమెకు పట్టుదల. పట్టుదలలో ఎంత భాగము కోపమో నేను చెప్పజాలను. కొంత యుండియే యుండును.

ఇంక ఈ నాణెమునకు వెనుకప్రక్క. కోరిక లేనిచోట తీరిక యెంతయున్నను ప్రయోజనము లేదు. 1955లో పార్కిన్‌సన్ అను ఆంగ్లరచయిత, పని తనకిచ్చిన వేళ నిండువఱకు సాగునని హాస్యముగా ఒక సూత్రము చెప్పి, పనిలేని వృద్ధురాలొకతె తోబుట్టువుబిడ్డకు కార్డుముక్క వ్రాయుటకు దినమంతయు పుచ్చుకొను తీరును వర్ణించెను. కార్డు వెదకుటకొక గంట, కండ్లజోడు వెదకుటకొక గంట, ప్రక్కవీధి తపాలాపెట్టెవఱకు పోవుటకు గొడుగు అక్కఱయా కాదా యని కొంత చర్చ. మా వీధిలోనే పింఛనుదారుడొకరు కలరు. నవంబరు నెలలో తాము బ్రతికియున్నట్లు ధ్రువపత్రమిచ్చుట వారికి మూడుదినముల కార్యము. మొదటిదినము కాగితములు తీయుట, రెండవదినము వానిని మరల సర్దుట, మూడవదినము బ్యాంకు. ఆ మూడుదినములును వారింట “తీరిక లేదు” అను మాటయే.

అట్లయిన కోరికను పిల్లలలో ఎట్లు పుట్టింపవలెను? బహుమానముచేత అని కొందఱు, భయముచేత అని పెక్కుమంది. 1973లో అమెరికాలో మనఃశాస్త్రజ్ఞులు శిశువిద్యాలయమున ఒక పరీక్ష చేసిరి. రంగుకలములతో బొమ్మలు గీయుటయందు ముందే ప్రీతిగల పిల్లలను తీసికొని, కొందఱికి బొమ్మ గీసినచో బహుమానపత్రమిచ్చెదమని ముందుగా చెప్పి గీయించిరి. కొన్ని దినముల తరువాత చూడగా, ఆ పిల్లలు స్వేచ్ఛగా ఆడుకొనువేళ ఆ కలములతో గడపిన కాలము, బహుమానముమాట యెత్తని పిల్లలు గడపినదానిలో ఇంచుమించు సగమేయయ్యెను. ఎవ్వరును ఏమియు ఈయకున్నను ఆనందముతో చేయుచుండిన పనిని బహుమానము కూలిపనిగా మార్చెను. మనము “పద్యమొప్పచెప్పిన లడ్డు, ర్యాంకు వచ్చిన సెల్‌ఫోను” అని యాశ చూపునప్పుడు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. లడ్డుమీద మక్కువ పెరుగును, పద్యముమీద తగ్గును.

భయముమాట ఇంతకంటె చెడ్డది. మన రాష్ట్రములలో ఇంటర్మీడియేటు పిల్లలకొఱకు వెలసిన ఆవాసకళాశాలల సంగతి తెలియని గృహమిప్పుడు లేదు. తెల్లవారుజాము మొదలు రాత్రివఱకు గంటమీద గంట. తినుటకు గంట, చదువుటకు గంట, పరుండుటకు గంట. మా బంధువుల కుఱ్ఱవాడొకడు ఇట్టి కళాశాలలో రెండేండ్లుండి, మంచి మార్కులు తెచ్చుకొని, దూరపు ఊరి ఇంజనీరింగు కళాశాలలో చేరెను. అచ్చట గంట కొట్టువాడు లేడు. తొలి యేడు ముగియుసరికి నాలుగు పాఠ్యాంశములలో తప్పెను. ఉదయము పదింటివఱకు లేవడని తోడివారు చెప్పిరి. “సమయపాలన బొత్తిగా లేదు వీడికి” అని తండ్రి తలపట్టుకొనెను. ఎచ్చట నేర్చుకొనవలెను? రెండేండ్లలో వానిచేతికి తనదని చెప్పుకొన ఒక్క గంటయైన వచ్చినదా? ఇతరుల గంటకు లేచినవాడు ఇతరుల గంట ఆగినచో నిద్రించును. ఆ తండ్రితో ఈ మాట అనినందుకు ఆయన నాపై కొన్ని నెలలు అలిగెను.

కోరిక బయటినుండి పోయుటకు రాదుగాని, పుట్టుటకు తావీయవచ్చును. నెల్లూరు జిల్లాలో 1990వ దశకపు తొలియేండ్లలో అక్షరాస్యతా ఉద్యమము నడచినది. పగలెల్ల పొలములలో వంగి పనిచేసి వచ్చిన స్త్రీలకు రాత్రిబడి. వారికి తీరిక యున్నదని ఎవ్వరు చెప్పగలరు? అచ్చుల పట్టిక చూపి, చదువు మంచిదమ్మా యనిన, తల యూచి నిద్రపోయెడివారే. ఐతే వారి పాఠ్యపుస్తకములో వారి యిండ్లకథయే యుండెను: కూలిడబ్బు సారాదుకాణమునకు పోవుట, స్త్రీలు ఒక్కటై దానిని ఎదిరించుట. ఆ పాఠము చదివినవారు, విన్నవారు దూబగుంట మొదలగు గ్రామములలో సారాదుకాణములు మూయించిరి. ఉద్యమము జిల్లా దాటి రాష్ట్రమంతయు ప్రాకి, 1993లో ప్రభుత్వము సారా నిషేధించుటకు కారణమైనది. తన బ్రతుకు కనబడిన పుటను త్రిప్పుటకు అలసినవారికిని వేళ దొరకును.

ఇంతవఱకు చెప్పినది విని, కోరిక యుండిన చాలును, తీరిక దానంతట వచ్చునని నేను చెప్పుచున్నట్లు చదువరులకు తోచవచ్చును. పురుషులు ఇట్లే చెప్పి ముగింతురు; స్త్రీనగుట నేను ముగింపజాలను. మా వదినెగారి సంగతి చెప్పవలెను.

ఉద్యోగరీత్యా నేను గుంటూరులో మా అన్నగారి యింట కొన్ని యేండ్లుంటిని. వదినెగారు ఏడవతరగతి చదివి పెండ్లితో బడి మానినవారు. 1994లో ఆమెకు 39 ఏండ్లు. పిల్లలిద్దఱును కళాశాలకు పోవుచుండిరి. ఆ యేడు ఆమె అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయపు అర్హతపరీక్షకు దరఖాస్తు పెట్టిరి. ఈ విశ్వవిద్యాలయము 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమను పేర హైదరాబాదున పుట్టినది. ఈ దేశమున ఆ మాదిరివానిలో మొదటిది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టిరి. ఇంటర్మీడియేటు లేనివారును అర్హతపరీక్ష నెగ్గి బి.ఏ.లో చేరుట కది దారి తెఱచినది.

ఈ వయస్సున ఇదెందుకు వదినా, ఉద్యోగము చేయుదురా యని నేనడిగితిని. “ఉద్యోగం నాకెవరిస్తారమ్మాయ్? పెళ్ళి శుభలేఖలో తప్ప నా పేరు అచ్చులో ఎప్పుడూ చూసుకోలేదు. ఒక్కసారి హాల్‌టికెట్టు మీద చూసుకోవాలని ఉంది” అనిరి. పట్టప్రదానసభలలో విద్యాప్రయోజనమును గూర్చి ఎన్నియో గంభీరోపన్యాసములు వింటిని. ఇంత చిన్న కోరిక ఒక మనిషిని ఐదేండ్లు తెల్లవారుజామున లేపగలదని ఏ ఉపన్యాసమునను వినలేదు.

ఆమె చేసిన మొదటిపని పుస్తకముల కుట్లు విప్పుట. లావుపాటి పాఠ్యపుస్తకము వంటయింట ఇమడదు. కొన్నికొన్ని పుటల చొప్పున విడదీసి, దారముతో కుట్టి, ఏ కట్ట యెచ్చట చదువవలెనో నిర్ణయించుకొనిరి. పెరటి కుళాయికి నీరు నాలుగున్నరకు వచ్చెడిది. బిందెలు నిండువఱకు చరిత్ర. పాలు కాగునంతసేపు రాజనీతిశాస్త్రము. పొంగునని కన్ను ఒకటి గిన్నెమీద. ఇడ్లీపిండి గ్రైండరులో తిరుగుచుండగా ఇంగ్లీషు. ఆ చప్పుడులో బిగ్గరగా చదివినను ఎవ్వరికిని వినబడి నవ్వరు. ఏ పని యెప్పుడు, ఎచ్చట చేయుదుమో ముందుగా ముడిపెట్టుకొనువారు ఆ పనిని నెఱవేర్చుట ఎక్కువయని మనఃశాస్త్రజ్ఞులు 1990వ దశకమునుండి పరీక్షలు చేసి చెప్పుచున్నారు. వదినెగారు వారి గ్రంథములు చదువలేదు. పొయ్యిప్రక్క చదివిన పుటలకు నూనెమరకలు పడెను. మరకను చూచి యిది పోపువేళ పాఠమని చెప్పెడివారు.

కాని పావుగంటలు కూడబెట్టి కంఠస్థము చేయవచ్చును, సమాధానము వ్రాయుట నేర్వరాదు. ఒక ప్రశ్నకు నాలుగు పుటలు ఆలోచించి వ్రాయవలెనన్న ఎడతెగని గంట కావలెను. కోరిక చిల్లర యేరగలదు. నోటు మాత్రము ఇంటివారి చేతిలో నున్నది. సాయంకాలము 7 మొదలు 9 వఱకు వ్రాయుటకు కూర్చుందునని ఆమె చెప్పిరి. వద్దని యెవ్వరు ననలేదు. మా యింట ఎవ్వరును ఎవ్వరిని ఏమియు వద్దనరు. ఐతే అన్నగారి స్నేహితులు ఆ వేళకే వసారాలో పేకాటకు కూర్చుండెడివారు. ఒకనాడు నేను కాగితముపై గీతలు పెట్టుచు లెక్కించితిని: రెండుగంటలలో ఆమెను 11 సార్లు పిలిచిరి. కాఫీ మూడుసార్లు, మంచినీళ్లు రెండుసార్లు, కండ్లజోడు, అగ్గిపెట్టె, ఫలానావారి పెండ్లి ఏ నెలలో జరిగినదను సందేహము, మిగిలినవి మా అమ్మగారు అమృతాంజనము కొఱకును, తలుపు వేయుట కొఱకును. ప్రతి పిలుపును మంచిగానే యుండెను. ఒక్కటియు మూడునిమిషములకు మించినది కాదు. ఆ రెండుగంటలలో ఆమె వ్రాసినది అరపుట.

ఆ కాగితమును అన్నగారి కాఫీగ్లాసు క్రింద పెట్టితిని. ఆయన చూచిరి, ఏమియు ననలేదు. పైవారమునుండి పేకాట ఎదురింటి యరుగుకు మాఱినది. అన్నగారు కాఫీ పెట్టుట నేర్చుకొనిరని చెప్పగలిగిన బాగుండును; నేర్చుకొనలేదు. ఆ మూడు కాఫీలును ఎదురింటి యిల్లాలికి పడియుండును. ఆమెకేమి కోరికలుండెనో మేమెవ్వరమును అడుగలేదు. మా అమ్మగారు మాత్రము, కోడలు వ్రాసికొనుచుండగా ఉప్మా తామే కలిపి, నాతో నొకనాడు, “నా కాలం ఎటుపోయిందో నేనెన్నడూ చూసుకోలేదే అమ్మాయ్” అనిరి. ఫిర్యాదుగా కాదు, పోయిన గిన్నె జ్ఞాపకమువచ్చినట్లు.

వదినెగారికి మూడేండ్ల చదువు ఐదేండ్లు పట్టినది. చరిత్రలో ఒక పత్రము రెండవసారి వ్రాసిరి. పట్టా వచ్చిన తరువాతి నెలనుండి నాలుగున్నరకు లేచుట మానిరి. నీళ్లు పట్టుటకు మోటారు వచ్చెను, ఆమె ఆఱింటివఱకు హాయిగా నిద్రించిరి. ఇంత క్రమశిక్షణ నేర్చి విడిచిపెట్టిరేమని బంధువులలో కొందఱు ఆశ్చర్యపడిరి. నాకు ఆశ్చర్యము కలుగలేదు. ఆమె లేచినది క్రమశిక్షణకొఱకు కాదు, హాలుటిక్కెట్టు కొఱకు. అది వచ్చినది.

దుర్గాబాయమ్మగారు ఈ చిక్కును మనకంటె చాలముందే గ్రహించిరి. 1937లో మద్రాసున ఆంధ్రమహిళాసభను స్థాపించి, బడివయస్సు దాటిన స్త్రీలను కాశీవిశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనుకు చదివించిరి. తరువాత ఆమె అధ్యక్షతననున్న కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘము 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్తవిద్యాపథకము నారంభించినది. ఏండ్లతరబడి చదువును రెండేండ్లలోనికి కుదించుట దాని పద్ధతి. పెద్దవయస్సు స్త్రీకి పిల్లలకు పట్టినన్ని యేండ్లు పట్టవు, అక్కఱయే ఆమెను నడపునని నమ్మినవారే ఇట్టి పథకము వేయగలరు. ఆమెకు లేనిది బుద్ధియు కాదు, పట్టుదలయు కాదు, ఎవ్వరును పిలువని గంట యనియు తెలిసినవారే వేయగలరు.

మొదట నేనిచ్చిన మాట ఇప్పుడు చెల్లించెదను. కాలము అందఱికి సమానముగా పంచబడలేదు. భారతప్రభుత్వపు గణాంకశాఖవారు 2019లో దేశమంతట ప్రజల కాలవినియోగమును లెక్కించిరి. కూలిలేని యింటిపని చేయువారిలో స్త్రీకి దినమునకు సగటున 299 నిమిషములు పట్టుచుండెను, పురుషునకు 97. ఆ పనిలో నొక చేయి వేసిన పురుషులే నూటికి 26 గురు. 2024లో మరల లెక్కింపగా స్త్రీ నిమిషములు 289కి దిగినవి. ఐదేండ్లలో పది నిమిషములు! కుక్కరులు, గ్రైండరులు, కుళాయిలు ఇచ్చినవో, ఇంటివారే యిచ్చిరో తెలిసికొనగోరి నేను ప్రక్కనున్న అంకెను చూచితిని. పురుషుని నిమిషములు 97 నుండి 88కి తగ్గియున్నవి.